బాస్ హెల్త్ తగ్గించే ముందు బాస్ ఊపు చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇది. ముగ్గురు కలిసి ఒక యాక్షన్ ఆర్‌పీజీ, అంటే లెవెళ్లు పెంచుకుంటూ పోరాడే వీడియో గేమ్, చేస్తున్నారు. మొదటి పెద్ద బాస్ (మామూలువాళ్లకంటే బలమైన ముఖ్య శత్రువు) దగ్గరికి వచ్చేసరికి టెస్ట్ ఆడినవాళ్లలో సగం మంది విసిగిపోయి ఆట ఆపేశారు. ఇంకొందరు ఒకటి రెండు ప్రయత్నాల్లోనే కొట్టేసి "ఇంతేనా" అన్నారు. బాస్ హెల్త్ రెండుసార్లు, డ్యామేజ్ ఒకసారి తగ్గించి చూశారు. ఆపేసేవాళ్లు ఆపేస్తూనే ఉన్నారు, గెలిచేవాళ్లకు ఇంకా తేలికైపోయింది. ఇప్పుడు ఈజీ మోడ్ పెట్టాలా, బాస్‌ని మళ్లీ మొదటి నుంచి చేయాలా అని అడిగారు.

నేను 12 ఏళ్లుగా ఆటల్లో ఫైట్లు డిజైన్ చేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం బాస్‌ల మీదే గడిచింది. మీరు రాసింది చూస్తే రెండు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి. ఆపేసినవాళ్లది ఒకటి, తేలిగ్గా గెలిచినవాళ్లది ఇంకొకటి. రెండింటికీ ఒకే మందు వేస్తున్నారు కాబట్టి ఏదీ తగ్గట్లేదు. ముందు ఆపేసినవాళ్ల సంగతి చూద్దాం. మనసు విరిగి వెళ్లిపోయిన ఆటగాడు మళ్లీ తిరిగి రావడం చాలా కష్టం.

నాకు బాగా గుర్తున్న ఒక టెస్ట్ చెప్తాను. మా ఆటలో ఒక కోట కాపలాదారు బాస్ ఉండేవాడు. రెండు చేతులతో పట్టుకునే పెద్ద సుత్తి అతని ఆయుధం. ముఖ్యమైన దెబ్బలు రెండే. సుత్తిని తల మీదుగా ఎత్తి నేలకేసి కొట్టడం ఒకటి. దానికి పక్కకు రోల్ చేస్తే, అంటే దొర్లి తప్పుకుంటే, చాలు. అడ్డంగా తిప్పి కొట్టడం రెండోది. దానికి పక్కకు వెళ్తే కచ్చితంగా తగులుతుంది, వెనక్కి తప్పుకోవాలి. కాగితం మీద ఇంత సులువైన బాస్ ఇంకొకడు ఉండడు. కానీ ఆ రోజు ఒకతను వరుసగా 17 సార్లు చచ్చాడు. బాగా ఆడేవాడే, అంతకుముందు వచ్చిన మామూలు శత్రువులందర్నీ ఆడుతూ పాడుతూ దాటేశాడు. 17వ సారి చచ్చాక కంట్రోలర్ బల్ల మీద పెట్టేసి, "నేనేం తప్పు చేస్తున్నానో నాకు తెలియట్లేదు" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పటికే మేమూ మీలాగే హెల్త్ మూడుసార్లు తగ్గించి ఉన్నాం. ఆ రాత్రి అతని వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాం. రెండు దెబ్బలకూ కొట్టబోయే ముందు బాస్ ఊపు తీసుకునే తీరు ఒకటే. కుడి భుజం వెనక్కి వెళ్తుంది, సుత్తి ఒంటి చాటుకు పోతుంది. ఏ దెబ్బ వస్తుందో కంటికి తేడా తెలిసేది దెబ్బ పడడానికి 7 ఫ్రేమ్‌ల ముందు మాత్రమే. మా ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడిచేది, అంటే 7 ఫ్రేమ్‌లు దాదాపు 117 మిల్లీసెకన్లు. కంటితో చూసి బటన్ నొక్కడానికే మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అతను 17 సార్లూ చేసింది ఊహించడమే. బొమ్మా బొరుసా ఆడించి, దానికి నైపుణ్యం అని పేరు పెట్టాం మేము.

హెల్త్ ముట్టుకోకుండా ఊపు ఒక్కటే మార్చాం. అడ్డంగా తిప్పే దెబ్బకు ముందు సుత్తి నడుము దాకా దిగుతుంది, ఎడమ కాలు ముందుకు పడుతుంది, సుత్తి రాతి నేల మీద గీసుకుంటూ కిర్రుమని చప్పుడు చేస్తుంది. పైనుంచి వచ్చే దెబ్బకు చప్పుడు లేదు, చేతులు నిటారుగా పైకి లేస్తాయి. కొన్ని రోజుల తర్వాత అదే మనిషిని మళ్లీ కూర్చోబెడితే ఆరో ప్రయత్నంలో గెలిచాడు. మధ్యలో చచ్చిన ఐదుసార్లూ "అబ్బా, తొందరపడ్డాను" అనో, "ఇంకొక్కటి కొడదామని ఆశపడ్డాను" అనో తనే చెప్పాడు. ఫైట్ మరీ త్వరగా అయిపోతోందని ఆ తర్వాత మేం తగ్గించిన హెల్త్ మొత్తం తిరిగి పెంచేశాం. అంకెలు మొదట ఎక్కడున్నాయో అక్కడికే వచ్చాయి.

అందుకే బాస్ గురించి నేను మొదట చూసేది ఒక్కటే: చచ్చిన వెంటనే ఆటగాడు కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలడా? చెప్పగలిగితే 30 సార్లు చచ్చినా మళ్లీ లేస్తాడు. చెప్పలేకపోతే మూడోసారికే నీరుగారిపోతాడు.

ప్రతి దెబ్బకూ మూడు ముక్కలుంటాయి: ఊపు, దెబ్బ తగిలే క్షణం, తేరుకునే సమయం. చాలామంది రెండోదాని మీద, అంటే డ్యామేజ్ మీద, హిట్‌బాక్స్ (దెబ్బ తగిలే హద్దు) మీద పని చేస్తారు. కష్టం మాత్రం మొదటిదాన్లో, మూడోదాన్లో ఉంటుంది. ఊపు విషయంలో నేను పాటించే లెక్క ఇలా ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌ల ఆటలో 250 మిల్లీసెకన్లంటే 15 ఫ్రేమ్‌లు. దాని మీద టీవీ ఆలస్యం, కంట్రోలర్ ఆలస్యం కూడా పడతాయి. కాబట్టి రోల్ చేస్తే చాలు అనే దెబ్బకే 20 ఫ్రేమ్‌లకు తక్కువ ఊపు నేను ఇవ్వను. రెండు రకాల స్పందనల్లో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మెదడుకు ఇంకా సమయం కావాలి. అక్కడ 30కి పైనే పెడతాను. అంతకంటే వేగంగా కొట్టకూడదని కాదు. కాంబోలో (వరుసగా పడే దెబ్బల్లో) రెండో దెబ్బ, మూడో దెబ్బ ఎంత వేగంగా వచ్చినా పర్వాలేదు, మొదటి దెబ్బే వాటికి హెచ్చరిక. దగ్గరకొచ్చి అతుక్కుపోయేవాణ్ని తోసేయడానికి ఒక చిన్న చురుకైన పోటు ఉన్నా పర్వాలేదు, దాంతో ప్రాణం పోనంతవరకు.

ఆలస్యంగా పడే దెబ్బల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు అందరూ వాటినే వాడుతున్నారు. ఎల్డెన్ రింగ్ అనే ఆటలో స్టార్మ్‌వెయిల్ కోట ముందు వచ్చే బాస్ మార్గిట్ చేతికర్ర పైకెత్తి అలాగే ఆగుతాడు. కర్ర లేవగానే టెన్షన్‌తో రోల్ చేసినవాడికి రోల్ అయిపోయాక దెబ్బ పడుతుంది. మొదటిసారి అన్యాయం అనిపిస్తుంది. నాలుగోసారికి కళ్లు కర్ర మీద నిలుస్తాయి, కిందికి కదిలాకే వేలు కదులుతుంది. అది మంచి పాఠం, ఆట మొదట్లోనే చెప్పాల్సిన పాఠం. అయితే ప్రతి దెబ్బలోనూ ఒక ఆలస్యం పెడితే చూసి స్పందించడం అనేదే పోతుంది, ఆటగాడు ఎక్కం వల్లించినట్టు వరస బట్టీపట్టాల్సి వస్తుంది. నా బాస్‌లలో ఎనిమిది దెబ్బలకు ఒకటి, మహా అయితే రెండు, ఆలస్యంగా పడతాయి.

ఇక మూడో ముక్క, తేరుకునే సమయం. ఆటగాడి వంతు అదే. బాస్ ఎంత భయంకరంగా విరుచుకుపడినా, "ఇప్పుడు నీ వంతు" అని అతని ఒళ్లు చెప్పాలి. ఆయుధం నేలలో దిగబడిపోవచ్చు, ఊపిరి ఎగశ్వాసగా మారవచ్చు, వీపు మన వైపు తిరగవచ్చు. కొట్టడానికి ఎక్కడా సందు దొరకలేదని టెస్ట్ ఆడినవాళ్లు అంటే, ముందు సందు ఉందో లేదో చూడకండి. సందు ఉన్నట్టు కనబడుతోందా లేదా చూడండి. సెకిరో (2019) అనే ఆట దీన్నే ఇంకో తీరుగా చేసింది. అక్కడ బాస్ కొడుతున్నప్పుడు కూడా మన వంతు నడుస్తూనే ఉంటుంది. సరైన క్షణంలో కత్తి అడ్డుపెడితే అతని నిలకడ కొంచెం కొంచెంగా విరుగుతుంది. పైగా అతని హెల్త్ తగ్గేకొద్దీ ఆ నిలకడ కోలుకోవడం నెమ్మదిస్తుంది. అంటే ముందు గాయపరచు, తర్వాత ఒత్తిడి పెంచు అని అంకెలే నేర్పుతున్నాయి. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ఆ డిజైన్ చూసి నేను ఇప్పటికీ ముచ్చటపడతాను.

చదవడానికి వీల్లేని ఒక్క దాడి ఎంత మంచి ఫైట్‌కైనా మచ్చ తెస్తుంది. ఎల్డెన్ రింగ్‌లోనే మలేనియా అనే బాస్‌తో పోరు నేను ఆడిన గొప్ప ఫైట్లలో ఒకటి. ఆమె దెబ్బ తగిలితే, షీల్డ్ అడ్డుపెట్టినా సరే, ఆమె హెల్త్ పెరుగుతుంది. అది కఠినమే అయినా స్పష్టమైన నియమం. కానీ గాల్లోకి లేచి వరుసగా నరికే ఆ వాటర్‌ఫౌల్ డాన్స్ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఆమెకు ఆనుకుని ఉన్నప్పుడు అది మొదలైతే, ఏం చేస్తే బతికేవాడినో ఆ దాడి చూసి తెలుసుకోవడం మామూలు ఆటగాడి వల్ల కాదు. చాలామంది వీడియోలు చూసి నేర్చుకున్నారు. సమాధానం ఫైట్ లోపలే దొరకాలన్నది నా పట్టుదల.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ డార్క్ సోల్స్ (2011) మొదటి బాస్, అసైలమ్ డీమన్. దాన్ని ఒక పాఠ్యపుస్తకంలా చూడండి. మొదటిసారి ఎదురైనప్పుడు మన చేతిలో విరిగిన కత్తి పిడి తప్ప ఏమీ ఉండదు. కొట్టినా లాభం లేదని రెండు దెబ్బలకే తెలిసిపోతుంది. భయంతో చుట్టూ చూస్తే పక్కన ఒక తలుపు కనిపిస్తుంది. పారిపోవడం కూడా ఒక ఎత్తుగడే అని ఆట చెప్పిన మొదటి మాట అది. తర్వాత ఆయుధం దొరుకుతుంది, దారి చుట్టూ తిప్పి అదే గదికి పైభాగాన నిలబెడుతుంది. కింద డీమన్. పైనుంచి దూకుతూ కొడితే దాని హెల్త్‌లో పెద్ద ముక్క పోతుంది. కొంతసేపటికి టారస్ డీమన్ వస్తుంది, ఇరుకైన గోడ మీద. మనం వచ్చిన వైపే నిచ్చెన ఉన్న బురుజు ఉంటుంది. ఇందాక నేర్చుకున్నది గుర్తున్నవాడు నిచ్చెనెక్కి దూకుతాడు. నేర్పినదాన్నే పరీక్షలో అడిగారు.

మీ బాస్ ఏం అడుగుతున్నాడో, అది అంతకుముందు ఎక్కడ నేర్పారో ఒక కాగితం మీద రాసుకోండి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాస్‌ని పారీ చేయకుండా, అంటే సరైన క్షణంలో దెబ్బను అడ్డుకుని తిప్పికొట్టకుండా, గెలవడం కష్టం. కానీ అప్పటిదాకా వచ్చిన శత్రువులందర్నీ రోల్ చేసి చంపేయొచ్చు. అలాంటప్పుడు ఆటగాడు పారీ ఎందుకు నేర్చుకుంటాడు? బాస్ గదికి ముందు పారీకే లొంగే మామూలు శత్రువును ఒకడిని పెట్టండి. చచ్చినా పెద్దగా పోయేదేం లేని చోట పెట్టండి. డ్యూస్ ఎక్స్: హ్యూమన్ రెవల్యూషన్ (2011) ఇక్కడే దెబ్బతింది. ఆట పొడవునా నక్కి వెళ్లొచ్చు, హ్యాక్ చేయొచ్చు అని ప్రోత్సహించి, బాస్ గదిలో తలుపు మూసి తుపాకీ పోరాటం పెట్టింది. తుపాకీ మీద ఒక్క పాయింట్ పెట్టనివాళ్లు ఇరుక్కుపోయారు. 2013లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో ఆ గదుల్ని మార్చి వేరే దారులు కల్పించారు. ఆర్‌పీజీలో ఆటగాడు ఎంచుకున్న బిల్డ్ (తన పాత్రకు ఏ బలాలు పెంచుకున్నాడో అది) అంటే మనం అతనికిచ్చిన మాట. బాస్ దగ్గర ఆ మాట తప్పకూడదు.

ఇప్పుడు తేలిగ్గా గెలిచినవాళ్ల సంగతి. ఇది లెవెళ్ల సమస్య, ఆర్‌పీజీలకే ఉన్న తలనొప్పి. ఒక లెక్క వేద్దాం. బాస్ హెల్త్ 3,000 అనుకోండి. లెవెల్ 10లో ఒకడు వచ్చాడు, దెబ్బకు 60 పోతుంది. అంటే 50 దెబ్బలు కొట్టాలి. బాస్ మూడు దెబ్బలు కొడితే వీడు పోతాడు, చేతిలో ఐదు మందు సీసాలున్నాయి, సీసాకు ఒక దెబ్బ కోలుకుంటాడు. మొత్తం ఎనిమిదో తప్పుకు చస్తాడు. ఇంకొకడు మూలమూలలా తిరిగి లెవెల్ 20తో వచ్చాడు. దెబ్బకు 150, కాబట్టి 20 దెబ్బలు చాలు. ఆరు దెబ్బలకు గానీ చావడు, సీసాలతో కలిపి పదకొండో తప్పు దాకా బతుకుతాడు. ఇద్దరూ ఒకే నైపుణ్యం ఉన్నవాళ్లే, నాలుగు దెబ్బలు కొట్టేలోగా ఒక తప్పు చేస్తారు. మొదటివాడికి గెలవాలంటే 12 తప్పులవుతాయి, ఎనిమిదికే పోతాడు. రెండోవాడు ఐదు తప్పులతో గెలిచేస్తాడు, సీసా ఒక్కటి కూడా వాడక్కర్లేదు. దాడి బలం, తట్టుకునే బలం రెండూ ఒకేసారి పెరగడంతో తేడా ఒకదాన్నొకటి గుణించుకుంది. మీ టెస్ట్‌లో జరిగింది ఇదే అని నా నమ్మకం. బాస్ గది తలుపు దగ్గర ఒక్కొక్కరి లెవెల్ ఎంతో నమోదు చేయండి, తేలిపోతుంది.

దీనికి మందు బాస్‌ని ఆటగాడి లెవెల్‌తో పాటు పెంచడం మాత్రం కాదు. అలా చేస్తే కష్టపడి లెవెల్ పెంచుకున్నవాడికి మిగిలేదేమీ ఉండదు. నేనైతే మొదటి బాస్ దాకా దొరికే బలాన్నే ఒక ఇరుకు పరిధిలో ఉంచుతాను. లెవెల్ పెరిగినప్పుడు డ్యామేజ్ ఎక్కువ పెంచను, బదులుగా కొత్త ఎత్తుగడలు, ఎక్కువ స్టామినా ఇస్తాను. ఎల్డెన్ రింగ్‌కు తర్వాత వచ్చిన అదనపు భాగం (డీఎల్‌సీ) షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ (2024) ఈ సమస్యకు వేరే దారి పట్టింది. అక్కడికి ఎవరు ఏ లెవెల్‌తో వస్తారో తెలియదు కాబట్టి, ఆ ప్రాంతంలో మాత్రమే పనిచేసే స్కాడుట్రీ దీవెన అనే విడి మెట్లు పెట్టారు, మొత్తం 20. ముక్కలు వెతుక్కుంటే బలం వస్తుంది. విడుదలైన కొద్ది రోజులకే మొదటి సగం మెట్ల ప్రభావాన్ని ప్యాచ్‌తో (ఆటకు పంపే సవరణతో) పెంచారు. అంత అనుభవం ఉన్నవాళ్లు కూడా విడుదలయ్యాక సరిదిద్దుకున్నారంటే, మీకు మొదటిసారే కుదరలేదని దిగులుపడక్కర్లేదు.

కెమెరా గురించి రెండు మాటలు. లాక్-ఆన్ చేసినప్పుడు (కెమెరాను శత్రువు మీదే నిలిపినప్పుడు) పెద్ద బాస్ పక్కన నిలబడితే అతని కాళ్లు తప్ప ఏమీ కనబడకపోతే, పైన మీరు ఎంత అందమైన ఊపు చేసినా వృథా. డార్క్ సోల్స్‌లో కాప్రా డీమన్ గది చిన్నది, తోడు రెండు కుక్కలు. అక్కడ చాలామందిని చంపింది గోడా కెమెరానే. షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ చివరి బాస్ విషయంలో కూడా 2024 సెప్టెంబర్‌లో వచ్చిన 1.14 ప్యాచ్ కొన్ని దాడుల వెలుగుల్ని సవరించి, అవి సరిగ్గా కనబడేలా చేసింది. మీ బాస్ రెండో ఫేజ్‌లో (ఫైట్ రెండో దశలో) ఒళ్లంతా మంటలు అని రాశారు. ఆ మంటల్లో భుజం కనబడుతోందా? ఒకసారి టీవీకి దూరంగా కూర్చుని చూడండి.

రెండో ఫేజ్ అంటే కొత్త బాస్ అన్నట్టు చేయకండి. బ్లడ్‌బోర్న్ (2015)లో ఫాదర్ గాస్కోయిన్ చివర్లో మృగంగా మారతాడు. వేగం, దూకుడు మారిపోతాయి. అయినా అప్పటిదాకా మనం వాడుకున్న సమాధి రాళ్లు, తుపాకీతో పారీ చేయడం ఇంకా పనికొస్తాయి. మొదటి ఫేజ్‌లో నేర్చుకున్నది ఆస్తిగా మిగలాలి.

మళ్లీ ప్రయత్నించడానికి ఎంత సమయం పడుతోందో మీరు ఎక్కడా రాయలేదు. నాకు అది ముఖ్యం. చచ్చిన చోటి నుంచి బాస్ గదికి రావడానికి రెండు నిమిషాలైతే, 20 ప్రయత్నాలకు 40 నిమిషాలు ఉత్త నడక. పాత సోల్స్ ఆటల్లో ఆ నడకకు ఒక అర్థం ఉండేది, దారిని కూడా గెలవాలన్న భావన. ఎల్డెన్ రింగ్‌కు వచ్చేసరికి ఆ ఆటలు చేసినవాళ్లే చాలా బాస్‌ల ముందు మరికా స్తంభాలు పెట్టి, అక్కడే మళ్లీ లేచేలా చేశారు. మీ ఆటలో ఆ దారిలో చూడాల్సింది ఏమీ లేకపోతే తీసేయండి. లోడింగ్‌తో కలిపి పది సెకన్లలో మళ్లీ బాస్ ఎదుట నిలబడాలి. బాస్ పరిచయ సన్నివేశం రెండోసారి నుంచి రాకూడదు. ఈ ఒక్క మార్పుకే ఆపేసేవాళ్ల సంఖ్య తగ్గడం నేను ఒకటి కంటే ఎక్కువ ప్రాజెక్టుల్లో చూశాను.

ఇక ఈజీ మోడ్. పెట్టండి. కానీ ఇప్పుడే పెట్టకండి. చదవలేని బాస్‌కు హెల్త్ సగం చేస్తే అదే అయోమయం సగం సేపట్లో అయిపోతుంది, అంతే. బాస్ సరిగ్గా అయ్యాక పెడితే, చేతులు నెమ్మదిగా కదిలేవాళ్లకు, పని నుంచి అలసిపోయి వచ్చి గంటసేపు ఆడుకునేవాళ్లకు మీరు చేసిన అదే ఫైట్ అందుతుంది. నాకు నచ్చిన పద్ధతులు రెండున్నాయి. హేడిస్ (2020)లోని గాడ్ మోడ్ ఆన్ చేస్తే తగిలే డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం చొప్పున 80 శాతం దాకా వెళ్తుంది. ఎవరికి ఎంత సాయం కావాలో ఆటగాడి ప్రయత్నాలే తేలుస్తాయి. స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్ (2019)లో కష్టం స్థాయి మారిస్తే మూడు విషయాలు మారతాయి: పారీకి దొరికే సమయం, తగిలే డ్యామేజ్, శత్రువు దూకుడు. శత్రువు హెల్త్ ఆ మూడింట్లో లేదు. ముగ్గురే ఉన్న టీమ్‌కు నా సలహా, పారీ సమయం, తగిలే డ్యామేజ్ రెండింటినీ సెట్టింగ్స్‌లో విడివిడిగా పెట్టండి. పని తక్కువ, మేలు చాలా ఎక్కువ. మోడ్ పెట్టకుండా సెకిరోలా ఒకే దారి అంటే అదీ గౌరవించదగ్గ నిర్ణయమే. అయితే అప్పుడు మీ ఫైట్‌లో ప్రతి ఫ్రేమ్ అంత శుభ్రంగా ఉండాలి, దానికి ముగ్గురు సరిపోతారా అన్నది ఆలోచించుకోండి.

ఈ వారం చేయాల్సింది చెప్తాను. ఇంతకుముందు ఆడని ఐదుగురిని కూర్చోబెట్టండి. వీడియో తీయండి. చచ్చిన ప్రతిసారీ "ఇప్పుడు ఎందుకు చచ్చావు?" అని ఒక్క ప్రశ్న అడిగి, సమాధానం వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీరు ఏమీ వివరించకండి, పక్కన కూర్చుని సాయం చేయాలనిపించినా ఆపుకోండి. ఏ దెబ్బకు ఎన్నిసార్లు చచ్చారో పక్కన లెక్క పెట్టండి. "తెలియదు" అన్న సమాధానాలు ఎక్కువగా ఏ దెబ్బ దగ్గర వస్తున్నాయో, ముందు ఆ ఒక్క ఊపు మార్చండి. బాస్ హెల్త్, డ్యామేజ్ రెండూ మీరు తగ్గించకముందు ఎంత ఉన్నాయో అంతకు తిరిగి పెట్టేశాకే ఈ టెస్ట్ చేయండి. ఆ దెబ్బ వీడియో ముక్కను, తలుపు దగ్గర ఐదుగురి లెవెళ్లను ఇక్కడ పెడితే ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసి చెప్తాను.